ఆటలు, పిల్లల నిర్వహణ నైపుణ్యాలు: ఖానాపూర్ పరిసరాల నుంచి

చేయాలనుకున్న పనిని మనసులో నిలుపుకోవడం, మధ్యలో లాగేవాటికి లొంగకపోవడం, అవసరమైనప్పుడు దారి మార్చుకోవడం: ఈ మూడూ కలిసిన మానసిక శక్తిని నిర్వహణ నైపుణ్యాలు అంటారు. మనస్తత్వశాస్త్రంలో దీనికి ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అని పేరు. చదువుకు, స్నేహానికి, కోపం వచ్చినప్పుడు చేయి లేవకుండా ఆపుకోవడానికి ఇదే ఆధారం. పుట్టుకతో పూర్తిగా వచ్చేది కాదు, అభ్యాసంతో పెరుగుతుంది. ఆ అభ్యాసానికి చిన్నపిల్లలకు దొరికే మొదటి చోటు ఆట. ఆటలు ఈ నైపుణ్యాలను ఎలా పెంచుతాయి, ఎంతవరకు పెంచగలవు అనే విషయాన్ని నిర్మల్ జిల్లా ఖానాపూర్ ప్రాంతంలోనూ తెలంగాణ ఉత్తర జిల్లాల్లోనూ పిల్లలు ఆడే ఆటల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ప్రాంతం

ఖానాపూర్ గోదావరికి ఉత్తరాన ఉన్న పట్టణం, మండల కేంద్రం. 2016 అక్టోబర్ 11న నిర్మల్ జిల్లా ఏర్పడేదాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. నది దాటితే పాత కరీంనగర్ జిల్లా. ఉత్తరాన ఉట్నూరు వైపు అడవి, గోండు, కొలాం, నాయకపోడు గూడేలు, లంబాడీ తండాలు. బడి ఆవరణలో తెలుగు, గోండీ, లంబాడీ, ఉర్దూ మాటలు కలిసి వినబడతాయి. ఈ ప్రాంతంలోని చాలా ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, తల్లి ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతుంటుంది. చిన్నోళ్లను చూసుకునే పని అక్కకో నాయనమ్మకో పడుతుంది. పిల్లలు ఎక్కువసేపు గడిపేది పిల్లలతోనే. అందుకే ఇక్కడి ఆటలకు పెద్దవాళ్లు నడిపించే బాలభవన్ ఆటలకు లేని ఒక గుణం ఉంది. నాలుగేళ్లవాళ్లు, పన్నెండేళ్లవాళ్లు ఒకే జట్టులో ఉంటారు, తగవు వస్తే తీర్పు కూడా వాళ్లదే.

మూడు శక్తులు

2000లో అకిరా మియాకే బృందం విశ్వవిద్యాలయ విద్యార్థులకు పెట్టిన పరీక్షల ఆధారంగా ఈ నైపుణ్యాలు మూడు విడివిడి శక్తులని, అయినా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని చూపింది. పిల్లల విషయంలో ఎక్కువ కృషి చేసిన అడెల్ డైమండ్ 2013లో రాసిన సమీక్షలోనూ ఇవే మూడు మూలశక్తులు.

మొదటిది పని జ్ఞాపకం. విన్నదాన్ని, చూసినదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచి దానితో పని చేయడం. అష్టాచెమ్మలో నాలుగు పడిందనగానే ఏ కాయ నడిపితే ఎక్కడికి చేరుతుందో కళ్లతోనే లెక్కగట్టే పిల్ల వాడుతున్నది దీన్నే. రెండోది నిగ్రహం. ముందుగా నోటికొచ్చిన మాటను, చేతికొచ్చిన చేతను ఆపగలగడం. మూడోది ఒదుగుబాటు. నియమం మారినప్పుడు, ఎదుటివాడి ఎత్తు మారినప్పుడు పాత అలవాటును వదిలి కొత్తదానికి మళ్లడం. పథకం వేయడం, తర్కించడం, సమస్య విడదీయడం వంటి పెద్ద పనులు ఈ మూడింటి మీదే కట్టుకొని లేస్తాయి.

ఇవన్నీ ప్రధానంగా నుదుటి వెనుక ఉండే మెదడు భాగం మీద ఆధారపడతాయి. ఆ భాగం పూర్తిగా పరిపక్వం కావడానికి ఇరవై అయిదేళ్ల వయసు దాకా పడుతుంది. మూడు నుంచి అయిదేళ్ల మధ్య పెరుగుదల వేగంగా ఉంటుంది, కౌమారంలో మరోసారి ఊపందుకుంటుంది.

మూడేళ్ల పిల్లలతో చేసే ఒక పరీక్ష తల్లిదండ్రులందరికీ తెలియాల్సినది. ఫిలిప్ జెలాజో బృందం రూపొందించిన కార్డుల ఆట అది. ముందు రంగును బట్టి కార్డులు వేరుచేయమంటారు. కొన్ని కార్డుల తర్వాత, ఇక ఆకారాన్ని బట్టి వేరుచేయమంటారు. మూడేళ్ల పిల్లల్లో చాలామంది పాత పద్ధతిలో రంగులనే చూస్తూ పోతారు. చిత్రమేమంటే, కొత్త నియమం ఏమిటని అడిగితే నోటితో సరిగ్గానే చెబుతారు. తెలిసింది, కానీ చేయి వినలేదు. అయిదేళ్లకు చాలామంది మళ్లగలుగుతారు. చెప్పితే అర్థం కాదా అని ఆ వయసు పిల్లలను కసురుకునే ముందు ఇది గుర్తు చేసుకోవాలి. అర్థమైంది. అర్థమైనదాన్ని చేతలోకి దించే శక్తి ఇంకా తయారవుతోంది.

వంతు

ఆటలో పిల్లలు నేర్చేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, కానీ ఆటల పుస్తకాల్లో తక్కువగా కనిపించేది, వంతు కోసం ఆగడం.

1960ల చివరలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ మిషెల్ మొదలుపెట్టిన మిఠాయి పరీక్ష పేరు చాలామంది విన్నదే. ఎదురుగా ఒక మిఠాయి ఉంటుంది. పెద్దమనిషి తిరిగి వచ్చేదాకా ఆగితే రెండు దొరుకుతాయి. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారని తర్వాతి కాలంలో ప్రచారమైంది. 2018లో టైలర్ వాట్స్ బృందం 900 మందికి పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూసినప్పుడు, ఇంటి స్థితిగతులను లెక్కలోకి తీసుకుంటే ఆ సంబంధం బాగా పలచబడింది. అంతకుముందే, 2013లో, సెలెస్ట్ కిడ్ బృందం ప్రచురించిన చిన్న ప్రయోగం దీనికి కారణాన్ని ముందుకు తెచ్చింది. 28 మంది పిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ముందుగా మంచి రంగు పెన్సిళ్లు తెస్తామని చెప్పి తెచ్చి ఇచ్చారు. రెండో గుంపుకు చెప్పి, తేలేదు. తర్వాత మిఠాయి పరీక్ష పెడితే, మాట నిలబడిన గుంపు సగటున 12 నిమిషాలు ఆగింది. మాట తప్పిన గుంపు 3 నిమిషాలే. ఇచ్చిన మాట దక్కుతుందన్న నమ్మకం లేనిచోట చేతిలో ఉన్నది తినేయడం పిల్లల బలహీనత కాదు, తెలివి.

కూలి ఎప్పుడు చేతికొస్తుందో, నాన్న ఎప్పుడు ఊరికి వస్తాడో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో పెరిగే పిల్లలకు ఆగితే దక్కేవి తక్కువ. కచ్చకాయల ఆటలో మాత్రం వంతు ఖాయం. ముందున్నమ్మాయి రాయి జారవిడవగానే రాళ్లు పక్కమ్మాయి చేతికి వస్తాయి. ఎవరి ఇల్లు పెద్దదన్నది లెక్కకు రాదు. రోజుకు పదిసార్లు ఆగి, పదిసార్లూ వంతు దక్కించుకున్న పిల్లకు ఆగడం మీద నమ్మకం కుదురుతుంది. ఆటకు ముందు పంటలు వేసుకోవడం కూడా దీనిలో భాగమే. చేతులు కలిపి ఒక్కసారిగా తిప్పుతారు, వేరుగా పడిన చేయి పండుతుంది, చివరకు మిగిలినవాళ్లు దొంగ. దొంగను నిర్ణయించింది బలం కాదు, నియమం. దానికి తలొగ్గడంలో నిగ్రహం ఎంత ఉందో, దొంగ కాను పో అని అలిగి ఇంటికి పోయే అయిదేళ్లవాడిని చూసినవాళ్లకు తెలుసు. ఏడేళ్లకు వాడే పంటలు వేయిస్తాడు.

తోటివాళ్ల పాత్ర గురించి సబీన్ డోబెల్, యూకో మునకాటా 2018లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇక్కడ పనికొస్తుంది. తమ గుంపువాళ్లు ఆగారని, వేరే గుంపువాళ్లు ఆగలేదని నమ్మిన పిల్లలు తామూ ఎక్కువసేపు ఆగారు. అంటే నిగ్రహం ఒంటరిగా పెంచుకునే కండబలం లాంటిది మాత్రమే కాదు. మా జట్టులో తొండి ఆడం అనే పట్టింపుతోనూ అది పెరుగుతుంది.

పులి–మేక

గుడి అరుగుల మీద, ఊరి రచ్చబండల మీద చెక్కిన గీతల్లో ఈ ఆట కనిపిస్తుంది. లేనిచోట బొగ్గుతో గీసుకుంటారు. త్రికోణంలో అడ్డగీతలు కలిసే చోట్లు 23. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలవాడు వంతుకొకటి చొప్పున మేకలను పెడుతూ పోవాలి, అన్నీ పెట్టేదాకా ఒక్కదాన్నీ కదపరాదు. పులి తన పక్కనున్న మేకను దూకి అవతలి ఖాళీ చోటికి చేరితే ఆ మేక చచ్చినట్టే. పులులకు కదలిక లేకుండా చుట్టేస్తే మేకలది గెలుపు.

రెండు పక్షాల బలం, పని రెండూ వేరుగా ఉండటం ఈ ఆట ప్రత్యేకత. చదరంగంలో లాగా ఎదుటివాడు నా అద్దంబొమ్మ కాడు. పులి ఆడేవాడు దొరికిన మేకనల్లా మింగుతూ పోతే మూలకు చిక్కుతాడు, నోటికందిన మేకను వదిలేయగలగాలి. మేక ఆడేవాడు ఒక మేకను ఎర వేసి నాలుగింటిని కాపాడుకోవాలి, అంటే ఇప్పటి నష్టాన్ని రాబోయే ఎత్తుతో పోల్చి చూడాలి. మూడు ఎత్తుల తర్వాతి పటాన్ని తలలో పట్టి ఉంచాలి. ఆట అయ్యాక పక్షాలు మారతాయి. ఇప్పటిదాకా పులిలా ఆలోచించిన పిల్ల ఇప్పుడు మేకలా ఆలోచించాలి. నిగ్రహం, పని జ్ఞాపకం, ఒదుగుబాటు మూడూ ఒక్క గీతల పటం మీదే కలుస్తాయి. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు దీనికన్నా మంచి ఆట, అదీ పైసా ఖర్చు లేనిది, తెలుగునేల మీద మరొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అష్టాచెమ్మ ఇంతకన్నా చిన్నవాళ్లకు తగినది. అయిదు గళ్లు అడ్డం, అయిదు నిలువు. నాలుగు గవ్వలు, లేదా ఒకవైపు బండకు రుద్ది తెల్లగా చేసిన చింతగింజ బద్దలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఎదుటివాడి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్లలోకి దారి లేదు. పందెం అదృష్టమే అయినా ఏ కాయను నడపాలన్నది తన చేతిలో ఉంటుంది. అదృష్టం ఉండటమే దీనిలోని మేలు. ఆరేళ్ల పిల్ల నాయనమ్మను ఓడించగలదు, కాబట్టి ఆట వదలదు. ఓడినప్పుడు కూడా మళ్లీ వేయడం నేర్చుకుంటుంది. ఓనగుంటల్లో పద్నాలుగు గుంటల్లో చింతగింజలు ఒక్కొక్కటిగా వదులుతూ పోవాలి. గుంటలో ఎన్ని ఉన్నాయో చేత్తో తీయకుండా కంటితో పోల్చుకొని, చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే చూడగలిగినవాళ్లే గెలుస్తారు.

ఒంటితో ఆడే ఆటలు

నేల–బండ ఆటలో దొంగ నేల కోరుకుంటే మిగతావాళ్లకు బండలు, అరుగులు రక్ష. బండ కోరుకుంటే నేల రక్ష. కోరిక మారితే, ముందు ఎక్కడ నిలబడి బతికారో ఇప్పుడు అక్కడే దొరికిపోతారు. జెలాజో కార్డుల పరీక్షకూ దీనికీ ఉన్న పోలిక స్పష్టం. తేడా ఒక్కటే: ఇక్కడ పరుగు, అరుపు, నవ్వు ఉన్నాయి, తప్పు చేస్తే దొంగ కావడం తప్ప వేరే శిక్ష లేదు.

దాగుడుమూతల్లో దాక్కున్న పిల్లకు ఊపిరి బిగబట్టి నవ్వు ఆపుకోవడమే పెద్ద పరీక్ష. దొంగ కళ్లతో చూస్తే తాను కనబడుతున్నానా అని ఊహించడం దానికి తోడు. నాలుగేళ్లలోపు వాళ్లు తలను మాత్రం దాచుకొని కాళ్లు బయట పెట్టి దాక్కున్నామనుకుంటారు. కబడ్డీలో కూత తెగకుండా కాపాడుకుంటూ, తనను చుట్టుకొస్తున్న చేతులను గమనిస్తూ, పాయింటు కోసం ఇంకా ఒక్క అడుగు వేయాలా వెనక్కి తిరగాలా అని క్షణంలో తేల్చుకోవాలి. ఏడు పెంకులాటలో పెంకులు పేర్చే పని, బంతి దెబ్బ తప్పించుకునే పని ఒకేసారి నడుస్తాయి. తొక్కుడుబిళ్లలో గీత తొక్కితే ఔట్. కుంటాటలో రెండో కాలు నేల మీద పెట్టాలనే కోరికను ఆపుకోవాలి.

కచ్చకాయల్లో మెట్లు ఉన్నాయి. ముందు ఒక్కో రాయి, తర్వాత రెండేసి, ఆపైన మూడు, నాలుగు. ఒక మెట్టు వచ్చాకే తర్వాతిది. నిర్వహణ నైపుణ్యాలు పెరగాలంటే సవాలు పిల్లల స్థాయికి కాస్త పైన ఉంటూ క్రమంగా పెరగాలని డైమండ్ తన సమీక్షల్లో నొక్కి చెబుతుంది. ఆ సూత్రం పేరు ఎరగని ఆడపిల్లలు అయిదు రాళ్లలో దాన్ని ఎప్పుడో అమర్చుకున్నారు.

బొడ్డెమ్మ, బతుకమ్మ, కోలాటం వంటివి పోటీ లేని ఆటలు. అడుగు, చప్పట్లు, పాట మూడూ కలవాలి. ముందు ఒకరు పాడితే తతిమ్మావాళ్లు అందుకునేదాకా ఆగాలి. గోండు గూడేల్లో దీపావళి సమయంలో దండారి జట్లు ఊరూరా తిరిగి ఆడతాయి, పిల్లలు వెంట తిరిగి చూస్తూ అడుగు పట్టుకుంటారు. గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజు స్వగ్రామం మార్లవాయి ఈ అడవుల్లోనే ఉంది. లయతో కలిసి కదలడం పిల్లల నిగ్రహానికి మేలు చేస్తుందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి గానీ, బల్లమీది ఆటల మీద జరిగినంత లోతుగా వీటి మీద పని జరగలేదు.

ఉత్తుత్తి పెండ్లి

రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ 1933లో ఆట మీద చేసిన ప్రసంగంలో ఒక సంగతి చెబుతాడు. నిజంగానే అక్కచెల్లెళ్లయిన ఇద్దరు పిల్లలు ఒకసారి అక్కచెల్లెళ్ల ఆట ఆడారు. మామూలుగా ఆలోచన లేకుండా చేసే పనులనే ఆటలో అక్క ఇలా ఉండాలి, చెల్లె ఇలా ఉండాలి అని తెలిసి చేశారు. ఊహల ఆటలో స్వేచ్ఛ మాత్రమే కాదు, కఠినమైన నియమం కూడా ఉందని ఆయన వాదన. పెళ్లికొడుకు పాత్ర తీసుకున్న పిల్లవాడు మధ్యలో గోటీల కోసం పరుగెత్తితే ఆట చెడుతుంది. బొమ్మల పెండ్లి, గుజ్జెనగూళ్లు, అంగడి ఆట, బడి ఆట ఆడే పిల్లలు తమ కోరికను పక్కకు పెట్టి పాత్రకు కట్టుబడతారు, పుల్లను గరిటె అనుకున్న సంగతిని అందరూ గుర్తు పెట్టుకుంటారు, కథ మలుపు తిరిగితే తామూ తిరుగుతారు.

దీనికి తొలి ప్రయోగ సాక్ష్యం మాన్యుయిలెంకో 1948లో ప్రచురించిన పరిశోధన. కదలకుండా నిలబడమని ఊరికే చెప్పినప్పటికన్నా, నువ్వు కాపలా సిపాయివి అని పాత్ర ఇచ్చినప్పుడు పిల్లలు చాలా ఎక్కువసేపు నిలబడ్డారు. 2017లో రేచెల్ వైట్ బృందం నాలుగు, ఆరేళ్ల వయసున్న 180 మందికి విసుగు పుట్టించే పని ఇచ్చి పది నిమిషాలు చూసింది. బ్యాట్‌మ్యాన్ వంటి పాత్రగా తమను ఊహించుకున్నవాళ్లు అందరికన్నా ఎక్కువసేపు పనిలో నిలిచారు. తనకు తాను కొంచెం దూరంగా నిలబడి చూసుకోవడం నిగ్రహానికి సాయం చేస్తుందని వాళ్ల వివరణ.

నిర్మల్ కొయ్యబొమ్మలను ఈ సందర్భంలో తలచుకోవాలి. పొణికి అనే తేలిక కర్రతో నకాషీ కళాకారులు చేసే పండ్లు, పక్షులు, జంతువులు ఇప్పుడు ఎక్కువగా అలంకరణ కోసం అమ్ముడవుతున్నాయి. వాటిని తయారుచేసే జిల్లాలోనే అంగన్‌వాడీ పిల్లల చేతికి అవి ఆటవస్తువులుగా రావడం ఈ వ్యాసకర్త కోరిక.

పరిశోధన ఏం తేల్చింది

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన వెయ్యి మందిని 32 ఏళ్ల వయసు దాకా వెంబడించిన అధ్యయనాన్ని టెర్రీ మొఫిట్ బృందం 2011లో వెల్లడించింది. చిన్ననాడు స్వీయ నియంత్రణ ఎక్కువగా ఉన్నవాళ్లు పెద్దయ్యాక ఆరోగ్యంలో, ఆదాయంలో మెరుగ్గా, నేరాలకు దూరంగా ఉన్నారు. నైపుణ్యం విలువైనదని ఇది చెబుతుంది. ఆటతో దాన్ని పెంచవచ్చా అన్నది వేరే ప్రశ్న.

ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులు ఒకే మాట చెప్పవు. వైగాట్‌స్కీ ఆలోచనల మీద ఎలెనా బొద్రోవా, డెబొరా లియాంగ్ రూపొందించిన పూర్వప్రాథమిక పద్ధతిలో ఊహల ఆట కేంద్రం. డైమండ్ బృందం 2007లో 147 మంది పిల్లలతో చూసి మంచి ఫలితాలు వచ్చాయని ప్రకటించింది. తర్వాత అమెరికాలోనే టెనెసీ, నార్త్ కరోలినాల్లో జరిగిన పెద్ద ప్రయోగంలో ఆ మేలు కనిపించలేదు. ఒరెగాన్‌లో షానా టొమినీ, మెగన్ మెక్లెల్యాండ్ చేసిన పని సూటిగా ఆటల గురించే. ఒక రంగు చూపితే కదలాలి, మరో రంగు చూపితే ఆగాలి. పిల్లలకు అలవాటయ్యాక నియమం తిరగబడుతుంది. మన పిల్లల స్టాచ్యూ ఆటకు దగ్గరి చుట్టం. 2011లో ప్రచురించిన ప్రయోగంలో 65 మంది పిల్లల్లో కొందరికి అరగంట చొప్పున 16 సార్లు ఇలాంటి ఆటలు ఆడించారు. మొత్తం గుంపులో పెద్ద తేడా లేదు గానీ, మొదట్లో బాగా వెనకబడి ఉన్న పిల్లలు ముందుకు వచ్చారు. 2015లో 276 మంది పేద పిల్లలతో చేసినప్పుడు ఫలితం మరింత స్పష్టంగా కనిపించింది. ఎక్కువ అవసరం ఉన్నవాళ్లకే ఎక్కువ మేలు జరగడం వేరే ప్రయోగాల్లోనూ కనిపించిన విషయం. పల్లె బడులకు ఇది ఆశ కలిగించే వార్త.

ఆశకు హద్దు కూడా ఉంది. నేర్చిన నైపుణ్యం నేర్చిన పనికి దగ్గరలోనే ఉంటుంది, దూరంగా ఉన్న పనికి తనంత తాను పాకదు. కంప్యూటర్ మీద జ్ఞాపకశక్తి శిక్షణల గురించి మెల్బీ లెర్వోగ్, చార్లెస్ హ్యూమ్ 2013లో చేసిన సమగ్ర విశ్లేషణ ఈ మాటే చెప్పింది. మన దేశంలోనే, ఢిల్లీలో ప్రథమ్ సంస్థతో కలిసి మొయిరా డిలన్, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు 214 పూర్వప్రాథమిక కేంద్రాల్లోని 1,540 మంది పిల్లలతో ప్రయోగం చేసి, వాళ్లలో కొందరికి నాలుగు నెలలపాటు గణిత ఆటలు ఆడించారు. రాశులను, ఆకారాలను పోల్చే సహజ జ్ఞానం పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. అయినా ఆ పిల్లలు ఒకటో తరగతి లెక్కల్లో ముందుకు రాలేదు. 2017లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని ఆటల వైఫల్యంగా చూడటం తప్పు. ఆటలో చేసిన పనికీ పలక మీద రాసే అంకెకూ మధ్య వంతెన ఎవరో ఒకరు కట్టాలి. ఓనగుంటల్లో నాలుగు గింజలు తీసిన పిల్ల చేత అప్పటికప్పుడే నాలుగు అంకె రాయించే టీచరు ఆ వంతెన కడుతోంది.

పులి–మేక ఆడిన పిల్లవాడు పరీక్షల్లో మొదటి ర్యాంకు తెస్తాడని చెప్పేవాళ్లను నమ్మరాదు. మెదడుకు పదును పేరుతో వేల రూపాయలకు యాప్‌లు, కోర్సులు అమ్మేవాళ్ల మాట అంతకన్నా నమ్మరాదు.

తిండి, నిద్ర, మాట

2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను వెంబడిస్తున్న యంగ్ లైవ్స్ అధ్యయనానికి ఎంచుకున్న జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. పిల్లల ఎదుగుదలను తిండి, బడి, ఇంటి ఆదాయం, వలస వంటివాటి నుంచి విడదీసి చూడలేమన్న దృష్టి దానిది. నిర్వహణ నైపుణ్యాల విషయంలో ఇది మరీ నిజం. కోస్టారికాలో శిశుప్రాయంలో దీర్ఘకాలం ఇనుము లోపంతో ఉన్నవాళ్లు 19 ఏళ్ల వయసులో కూడా ఈ పరీక్షల్లో వెనకబడ్డారని బెట్సీ లోజాఫ్ బృందం చూపింది. రక్తం తక్కువైన పిల్లకు ముందు కావలసింది గుడ్డు, ఆకుకూర, మందు. ఆట ఆ తర్వాత. నిద్ర చాలని పిల్లలు, ఇంట్లో కొట్లాటల మధ్య బెదిరిపోయిన పిల్లలు ఏ ఆటలోనైనా ముందు కోల్పోయేది నిగ్రహమే.

గోండీ ఇంటిభాషగా అంగన్‌వాడీకి వచ్చే మూడేళ్ల పిల్లవాడికి తెలుగులో ఇచ్చే సూచన రెండింతల బరువు. నియమాన్ని అర్థం చేసుకోవడానికే పని జ్ఞాపకమంతా ఖర్చవుతుంది. రెండు భాషల మధ్య తిరిగే పిల్లల్లో ఒదుగుబాటు ఎక్కువని ఎలెన్ బియాలిస్టాక్ పరిశోధనలు చెప్పాయి, తర్వాతివారు చాలామంది ఆ ఫలితాన్ని ప్రశ్నించారు. వివాదం ఎటు తేలినా, ఆట నియమాన్ని మొదటిసారి ఇంటిభాషలో చెప్పడం తప్పనిసరి. 1940లలో మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ గోండీ వాచకాలతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు ఆయన పట్టుకున్న సూత్రం ఇదే.

అంగన్‌వాడీ, బడి

1975 అక్టోబర్ 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పూర్వప్రాథమిక విద్య ఆరు సేవల్లో ఒకటి. 2020 జాతీయ విద్యావిధానం, దాన్ని అనుసరించి 2022 అక్టోబర్‌లో విడుదలైన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఆటే బోధన పద్ధతి కావాలన్నాయి. 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మలతో జాదుయీ పిటారా పేరిట సామగ్రి వచ్చింది. కాగితం మీద ఆట గెలిచింది. నేల మీద మాత్రం ప్రైవేటు నర్సరీలో నాలుగేళ్ల పిల్ల చేత ఏ బీ సీ డీలు రాయిస్తేనే చదువు అని నమ్మే తల్లిదండ్రులు అంగన్‌వాడీ టీచరును ఆటలు ఆడిస్తున్నావా అని నిలదీస్తారు. అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో దాదాపు 14,000 మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి వెంబడించి 2017లో నివేదిక ఇచ్చిన అధ్యయనం, అంగన్‌వాడీలైనా ప్రైవేటు బడులైనా ఎక్కువచోట్ల వయసుకు తగిన కార్యక్రమం దొరకడం లేదని చెప్పింది.

టీచరు చేయగలిగినవి పెద్ద ఖర్చు లేనివే. చప్పట్ల ఆటలో రెండు చప్పట్లకు ఒక్కటి, ఒక్కదానికి రెండు కొట్టించడం. కాళ్లు బారజాపి కూర్చోబెట్టి, తాకిన కాలును మడిచే కాళ్లగజ్జె ఆట. కథ మధ్యలో ఆపి తర్వాత ఏమైందో చెప్పించడం. శాత్రాలు, అంటే పొడుపు కథలు, అడిగి, వెంటనే జవాబు చెప్పేవాళ్లను ఆపి, పది లెక్కపెట్టాక చెప్పమనడం. మేడం మాంటిస్సోరీ మౌనం ఆట కూడా ఇలాంటిదే: పిల్లలంతా కదలకుండా కూర్చొని, దూరం నుంచి మెల్లగా పిలిచిన తమ పేరు కోసం చెవులు రిక్కించి ఆగుతారు. అన్నిటికన్నా కష్టమైన పని, పిల్లలు తగవులాడుకుంటున్నప్పుడు వెంటనే తీర్పు చెప్పకుండా కాసేపు ఆగడం. ప్రతి తగవుకూ పెద్దమనిషి వస్తే పిల్లలు నియమాన్ని కాదు, పెద్దమనిషినే చూడటం నేర్చుకుంటారు.

సెల్‌ఫోన్ ఆటల గురించి ఒక్క మాట. కొన్నింటిలో పథకం, జ్ఞాపకం అవసరమే. కానీ అక్కడ వంతు లేదు, అలిగే మనిషి లేడు, ఓడిపోతే వెంటనే మళ్లీ మొదలవుతుంది. ఆగడం అనేదే లేని ఆటలో ఆగడం ఎలా వస్తుంది?

ఏ ఆటలోనూ నిమిషం నిలవలేక, అన్ని చోట్లా ఒకేలా ఇబ్బంది పడే పిల్లలకు శ్రద్ధ లోపం, వినికిడి లోపం, మానసిక ఎదుగుదలలో ఆలస్యం వంటివి ఉండవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకూ అంగన్‌వాడీలకూ వచ్చే వైద్య బృందానికి అలాంటి పిల్లలను చూపించాలి. అక్కడి నుంచి జిల్లా కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. ఆట చికిత్స కాదు, చికిత్సకు తోడు మాత్రమే.

ఆటలో అరటిపండు

ఊరి పిల్లల జట్టులో నాలుగేళ్లవాడికి ఒక ప్రత్యేక స్థానం ఉంటుంది. వాడు పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, దొరికితే మాత్రం ఔట్ కాడు. వాడు ఆటలో అరటిపండు. పెద్దవాళ్లెవరూ నేర్పకుండా పిల్లలే కల్పించుకున్న ఈ ఏర్పాటు, బోధనాశాస్త్రం ఎంతో శ్రమించి చెప్పే సంగతిని సులువుగా చేసి చూపుతుంది. నియమం భారం మోయకుండానే నియమం మధ్యలో మసలడం, పక్కవాళ్లు ఎలా ఆగుతున్నారో చూడటం, ఓడిపోయినవాడు ఎలా ఏడ్చి మళ్లీ వచ్చాడో చూడటం, అన్నీ వాడికి దొరుకుతాయి. వయసులవారీగా పిల్లలను వేరుచేసే తరగతి గదిలో ఈ స్థానం మాయమైంది. అంగన్‌వాడీలో మూడేళ్లవాళ్లు, అయిదేళ్లవాళ్లు ఇంకా కలిసే కూర్చుంటారు కాబట్టి అక్కడ దీన్ని మళ్లీ తేవడం సులువు.

ఏడాదో, ఏడాదిన్నరో గడిచాక ఒక సాయంత్రం ఆ చిన్నోడు పంటలు వేసే చోటికి వచ్చి తన చేయి కూడా కలుపుతాడు. నువ్వు అరటిపండువిరా అంటే ఒప్పుకోడు. నన్ను గూడ దొంగను చెయ్యుండ్రి అంటాడు.